ఒకే ఒక్క విద్యార్థి ఉన్న లా కాలేజీ!

అమెరికాలో ఆగకుండా నడుస్తున్న లా కాలేజీల్లో అన్నిటికన్నా పాతది హార్వర్డ్ లా స్కూల్. పుట్టింది 1817లో. రెండు వందలేళ్లు దాటిన ముసలమ్మ దగ్గర కబుర్లకు కొదవా? కాచుకోండి!

మీకు తెలుసా? 1820ల చివరికి అక్కడ మిగిలింది ఒకే ఒక్క విద్యార్థి! అతనే ఫస్టు, అతనే లాస్టు. అతనికి జ్వరమొస్తే కాలేజీకే సెలవు! ఇప్పుడో? ఏటా కొత్తగా చేరేవాళ్లే 550 మందికి పైగా.

మీకు తెలుసా? 1829లో ఆ స్కూలును నిలబెట్టడానికొచ్చిన ప్రొఫెసర్ జోసెఫ్ స్టోరీ అప్పటికే అమెరికా సుప్రీంకోర్టు జడ్జి. 1845లో కన్నుమూసేదాకా రెండు కొలువులూ వదల్లేదు. ఒక చేత్తో తీర్పులు, ఇంకో చేత్తో పాఠాలు!

మీకు తెలుసా? స్కూలు ముద్రలో మూడు గోధుమ పనలుండేవి. అవి ఐజాక్ రాయల్ కుటుంబ చిహ్నం. తొలి లా ప్రొఫెసర్ పదవికి ఆయన ఆస్తే ఆధారం. ఆ ఆస్తి బానిసల చెమట. విద్యార్థులు నిలదీశారు. 1936 నుంచి మోసిన ముద్రను 2016లో దించేశారు. కేసు గెలిచింది కుర్రకారే!

మీకు తెలుసా? 1916 నుంచి 1936 దాకా డీన్‌గా ఉన్న రాస్కో పౌండ్ లా కోర్సు పూర్తే చేయలేదు. హార్వర్డ్‌లో చదివింది ఒక్క ఏడాది. పీహెచ్‌డీ ఉంది కానీ, వృక్షశాస్త్రంలో! చదివింది చెట్టు, ఏలింది చట్టం!

మీకు తెలుసా? అమ్మాయిలకు తలుపు తీసింది 1950లో. అంటే 133 ఏళ్ల తర్వాత! 1956లో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ చేరేసరికి 500 మందికి పైగా ఉన్న క్లాసులో ఆడవాళ్లు 9 మందే. డీన్ ఇంటికి భోజనానికి పిలిచి మరీ అడిగారట, మగవాళ్ల సీట్లలో మీరెందుకు చేరారని! అసలు జవాబు 1993లో వచ్చింది, రూత్ ఎక్కిన సుప్రీంకోర్టు జడ్జి కుర్చీ నుంచి. ఆ డీన్ కుర్చీ సంగతా? 2003లో అందులో ఎలీనా కేగన్ కూర్చున్నారు. ఆ స్కూలుకు తొలి మహిళా డీన్!

ఇక ఆఖరిది. ఊపిరి బిగబట్టండి. 1946లో లైబ్రరీవాళ్లు ఇంగ్లండ్ పాత హక్కుల పత్రం మాగ్నా కార్టా నకలు ఒకటి కొన్నారు. ధర 27 డాలర్ల 50 సెంట్లు. అక్కడక్కడా అరిగి, చెమ్మ మరకలు పడిన తోలు పత్రం. 2025లో ఇద్దరు బ్రిటిష్ చరిత్రకారులు దాని గుట్టు విప్పారు. అతినీలలోహిత కాంతిలో తీసిన ఫొటోల్లో అక్షరం అక్షరం అసలు ప్రతులతో పోల్చి చూస్తే... నకలు కాదు, అసలుదే! 1300లో మొదటి ఎడ్వర్డ్ రాజు జారీ చేసిన ప్రతి. అలాంటివి ప్రపంచంలో మిగిలినవి ఏడే ఏడు!

సాక్ష్యం అసలుదో నకిలీదో పట్టడం నేర్పే బడి. తన అల్మరాలోని అసలును 79 ఏళ్లు నకలనుకుంది. చంకలో బిడ్డ సామెత వాళ్లకెవరైనా చెప్పండర్రా!