మఱపునకు మందు

వైద్యశాలలో రోగికి కీడు మూడినప్పుడు మనము మొదట నడుగునది "ఎవరి తప్పు?" అనియే. యంత్రములు నిర్మించు ఇంజనీర్లు వేఱొక ప్రశ్న వేయుదురు: "ఈ తప్పునకు దారి యెట్లేర్పడెను?" మొదటి ప్రశ్నవలన ఒకరికి దండన కలుగును, మఱునాడు మఱియొకరు ఆ తప్పునే చేయుదురు. రెండవ ప్రశ్నవలన నెందఱి ప్రాణములు దక్కెనో వినుడు.

ఐ.సి.యు. అను వార్డులో ప్రమాదస్థితిలో నున్న రోగికి మందు లెక్కించుటకై పెద్దసిరలోనికి సన్నని గొట్టమును జొనుపుదురు. దానివెంట క్రిములు నెత్తుటిలో బడినచో ప్రాణాపాయము. అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో, 2001లో పీటర్ ప్రొనొవోస్ట్ అను డాక్టరు దీనికై యొక చిన్న పట్టిక వ్రాసెను. చేతులు కడుగుకొనుట, చర్మమును క్రిమిసంహారక ద్రవముతో తుడుచుట, రోగిని శుద్ధవస్త్రముతో గప్పుట, ముసుగును తొడుగులను ధరించుట మొదలగునవే యందలి విషయములు. ఇందు డాక్టర్లకు తెలియని దొక్కటియు లేదు. అయినను నర్సులు నెలదినములు కనిపెట్టి చూడగా, మూడింట నొకవంతునకు మించిన రోగుల విషయమున ఏదో యొకటి తప్పిపోవుచుండెను!

ఇది సోమరితనము కాదు. కావలసిన సామగ్రి పలుచోట్ల నుండెడిది. అత్యవసరమున వెదకి తెచ్చు తీరిక యెవరికి గలదు? అందుచే నన్నియు నొక బండిపై నమర్చిరి. వంటయింట పోపులపెట్టె నుంచుకొను మనకు దీని యుపయోగము వేఱుగ జెప్ప బనిలేదు. మఱి బడిలోని పిల్లల మొగములన్నియు నెఱిగియు, హాజరుపట్టీ చదువక మా యింటివారు పాఠము మొదలిడరు. పట్టిక తెలివితక్కువవారికని తలచుట పొరపాటు.

అన్నిటికంటె నాకు నచ్చినది వేఱొకటి. డాక్టరు ఒక యంశమును విడిచినచో నర్సు ఆయనను ఆపవచ్చునని పైయధికారులు ఆజ్ఞ యిచ్చిరి. ఇది సామాన్యమా? మన యిండ్లలో అత్తగారు ఉప్పు రెండుమార్లు వేయుచున్నను కోడలు నోరు మెదపునా! చూచినవారికి చెప్పు హక్కు లేనప్పుడు పట్టిక గోడకు వ్రేలాడు కాగితమే.

తరువాత మిషిగన్ రాష్ట్రమున నూఱింటికి పైగా ఐ.సి.యు.లలో ఈ పద్ధతి నమలుపఱచిరి. 1000 గొట్టపు దినములకు సగటున 7.7గా నున్న నెత్తుటిక్రిమి రోగములు పదునెనిమిది నెలలలో 1.4కు దిగినవని 2006లో ప్రకటించిరి. శస్త్రచికిత్సకును ప్రపంచారోగ్యసంస్థ 2008లో 19 అంశముల పట్టిక నిచ్చెను. మన న్యూఢిల్లీ మొదలు ఎనిమిది నగరములలో పరీక్షింపగా, మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినవి. కాని కెనడాలోని ఆంటారియోలో 101 వైద్యశాలల లెక్కలు 2014లో వెలువడినప్పుడు చెప్పుకోదగిన మేలు కానరాలేదు. గడులలో గుర్తులు పెట్టుట వేఱు, ఆగి చూచుకొనుట వేఱు. నా మట్టుకు దీనికి కారణ మదియే యని తోచుచున్నది.

ఆ శస్త్రచికిత్సా పట్టికలో మొట్టమొదటి యంశము, రోగి పేరును, చేయబోవు చికిత్సను, శరీరమున దాని స్థానమును రోగిచేతనే చెప్పించుట. మనవారిని ఆపరేషనునకు తీసికొనిపోయినప్పుడు, కాగితముమీద పేరుండగా నర్సు మరల నడిగినచో విసుగుకొనకుడు. పేరు పూర్తిగా చెప్పుడు. కుడికాలో యెడమకాలో చేతితో జూపుడు. ఆమె యడుగనిచో మీరే చెప్పుడు.