అయస్కాంత తుఫానును కొలిచే ప్లాస్టిక్ బెలూన్

హైదరాబాద్‌లో సైనిక్‌పురి పక్కనే, ఈసీఐఎల్ దగ్గర, టాటా మౌలిక పరిశోధనా సంస్థ వారి బెలూన్ కేంద్రం ఉంది. విశ్వకిరణాల కోసం హోమీ భాభా బృందం మొదట రబ్బరు బెలూన్లు ఎగరేసింది. పైన గాలి పలచబడేకొద్దీ రబ్బరు సాగి సాగి పగిలిపోతుంది. పాలిథీన్ బెలూన్‌కు అడుగున దారి ఉంటుంది. మిగులు వాయువు అటుగా పోతుంది కనుక 30–40 కిలోమీటర్ల ఎత్తున గంటల తరబడి తేలుతుంది. పలచటి పొరలను వేడితో అతికించి బెలూన్ చేయడం, హైడ్రోజన్ నింపి వదలడం, పారాచూట్‌తో దిగిన పరికరాలను వెతికి తేవడం అన్నీ ఈ కేంద్రం పనులే.

హైదరాబాదే ఎందుకు? మనం అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రపు బలరేఖలు నేలకు దాదాపు సమాంతరం. వాటిని అడ్డంగా దాటి నిట్టనిలువుగా దిగాలంటే విశ్వకిరణాల్లోని ప్రోటాన్‌కు సుమారు 1,600 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అంత శక్తి లేనివి పక్కకు మళ్లిపోతాయి. అందుకే ఖగోళ ఎక్స్-కిరణాలను పట్టే పరికరాలకు ఇక్కడ కణాల బెడద తక్కువ.

ఆ క్షేత్రమే వేల కిలోమీటర్ల ఎత్తున ఎన్నో కణాలను బంధించి ఉంచుతుంది. అవి ఉత్తర దక్షిణాల మధ్య ఊగుతూ, ప్రోటాన్లు పడమరకు, ఎలక్ట్రాన్లు తూర్పుకు భూమిని చుట్టివస్తాయి. 1958లో ఎక్స్‌ప్లోరర్-1 ఉపగ్రహంలోని గైగర్ కౌంటర్ ద్వారా జేమ్స్ వాన్ అలెన్ ఈ కణాల వలయాలను కనిపెట్టారు. సూర్యుడి నుంచి తుఫాను తాకితే భూమి చుట్టూ కణాల ప్రవాహం పెరుగుతుంది. ఆ విద్యుత్తు నేలమీద అయస్కాంత బలాన్ని తగ్గిస్తుంది. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) 1964 నుంచి ఆ మార్పులను నమోదు చేస్తోంది. 2024 మేలో వచ్చిన పెనుతుఫానులో ఈ తగ్గుదలను చూపే ప్రపంచ సూచీ దాదాపు 400 నానోటెస్లాలు పడిపోయింది.

వలయంలోని ఎలక్ట్రాన్లు కొన్ని అంతరిక్షంలోకి జారిపోతాయి, కొన్ని ధ్రువప్రాంతాల గాలిలో రాలి ఎక్స్-కిరణాలు పుట్టిస్తాయి. ఉపగ్రహం ఆ చోటును క్షణాల్లో దాటిపోతుంది. మెల్లగా కదిలే బెలూన్ ఆ వానను గంటల తరబడి చూడగలదు. 2013, 2014లలో అంటార్కిటికాలో బారెల్ అనే ప్రయోగపు బెలూన్లు చేసిన పని అదే.

ధ్రువాల దగ్గర రాలే కణాలు, మధ్యరేఖ దగ్గర నేలమీద తగ్గే అయస్కాంత బలం, రెండూ కొలిస్తే తుఫాను మరింత బాగా అర్థమవుతుంది. ఆ రెండో కొలతకు మన నగరం చక్కటి తావు. ఈ విద్యను మన పిల్లలకు తప్పక చూపించాలి.