మీకు తెలుసా? సముద్రపు చేపకు మంచినీళ్లే మందు!

వరదల రోజుల్లో సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే పులస ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. ఉప్పునీటి నుంచి మంచినీటికి మారడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. అక్వేరియంలో ముద్దుగా తిరిగే క్లౌన్ చేపకు ఆ విద్య లేదు. అయినా మంచినీళ్లలో కొన్ని నిమిషాలు తట్టుకుంటుంది. దాని ఒంటిని పట్టిన చదును పురుగులు మాత్రం తట్టుకోలేవు. నీరు లోపలికి చొరబడి, ఉబ్బి, తెల్లబడి రాలిపోతాయి. అందుకే 5 నిమిషాల మంచినీటి స్నానం చేయిస్తారు. కుళాయి నీళ్లయితే ముందు క్లోరిన్ తీసేయాలి. ఉష్ణోగ్రత తొట్టి నీటితో సమానంగా ఉండాలి. పీహెచ్ పెంచడానికి వంటసోడా కాస్త కలుపుతారు.

తెల్లచుక్కల జబ్బు ఇలా లొంగదు. దాన్ని తెచ్చే క్రిప్టోకారియాన్ అనే సూక్ష్మజీవి చర్మం లోపల దాక్కుంటుంది. కొన్నాళ్లకు చేపను వదిలి అడుగున తిత్తి కట్టుకుంటుంది. తిత్తి పగిలి పిల్లలు ఈదుతూ బయటికొచ్చినప్పుడే రాగి మందు వాటిని చంపగలదు. కాబట్టి చుక్కలు పోయాయని మందు ఆపేయడం తొందరపాటే. రాగి తగిలితే పగడాలు, రొయ్యలు చస్తాయి. ఇసుక, రాళ్లు ఆ మందును పీల్చేస్తాయి. అందుకని చికిత్స వేరే బోసి తొట్టిలో జరగాలి. అసలు తొట్టిలో కనీసం 6 వారాలు ఒక్క చేపా ఉండకూడదు.

ఇలా విడిగా ఉంచడాన్నే క్వారంటైన్ అంటారు. గోదావరి డెల్టా రొయ్యల రైతులకు అది కొత్త మాటేం కాదు. విదేశాల నుంచి వచ్చే వనామీ తల్లిరొయ్యలు చెన్నై నీలాంకరై కేంద్రంలో పరీక్షలు దాటాకే హేచరీలకు చేరతాయి.