నీటి కన్నా ముందు కాటాతో పోరు
తేలిక బరువు రోయింగ్ క్రీడాకారుల దినచర్య ఇదీ

కార్వేటినగరం: నీటిపై పడవ అనగానే ఈ ప్రాంతవాసులకు స్కందపుష్కరిణిలో వేణుగోపాలస్వామి తెప్పోత్సవం గుర్తుకు వస్తుంది. కృష్ణాపురం జలాశయమంటే సేద్యపు నీరే. అయితే అటువంటి నిశ్చల జలాలపైనే 2000 మీటర్ల దూరాన్ని ఆరున్నర నిమిషాల్లో దాటే క్రీడ ఒకటుంది. అదే రోయింగ్. ఇందులో తేలిక బరువు విభాగం క్రీడాకారులు ప్రత్యర్థితోనే కాక, తమ శరీర బరువుతోనూ నిత్యం పోరాడవలసి ఉంటుంది.

నిబంధన ఏమిటి?

పొడవైన, భారీకాయులకే రోయింగ్ అనుకూలం. సన్నని శరీరం గలవారికీ అవకాశం దక్కాలన్న ఉద్దేశంతో 1974లో ప్రపంచ పోటీల్లో, 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో తేలిక బరువు విభాగాన్ని ప్రవేశపెట్టారు. పురుషులు 72.5 కిలోలు, మహిళలు 59 కిలోలు మించరాదు. ఇద్దరు పురుషులు నడిపే పడవలో సగటు 70 కిలోలు దాటకూడదు. ఒకరు 72 కిలోలుంటే రెండోవారు 68 కిలోలకు తగ్గవలసిందే. పోటీకి రెండు గంటల నుంచి గంట ముందులోపు తూకం వేస్తారు. కాటాపై ముల్లు హద్దు దాటితే ఏళ్ల శ్రమ వృథాయే.

తెల్లవారక ముందే

గాలి లేచి అలలు రేగకముందే సాధన మొదలవుతుంది. ఉదయాన్నే బరువు చూసుకుని పడవను నీటిలోకి దించుతారు. నిమిషానికి 18 నుంచి 20 తెడ్డు వేటులతో, తొందరపడక గంటకు పైగా నడుపుతారు. పోటీలో ఆ వేగం 34 దాటుతుంది. చూసేవారికి చేతుల పనిగా కనిపించినా బలమంతా కాళ్లదే. పాదాలతో తన్ని, నడుము వంచి లేపి, చివర చేతులు లాగుతారు. గమ్యం వైపు వీపు పెట్టి కూర్చోవడం ఈ క్రీడ ప్రత్యేకత.

అల్పాహారం, విశ్రాంతి తరువాత వ్యాయామశాలలో బరువులు ఎత్తడం, సాయంత్రం మళ్లీ నీటిపైనో, తెడ్డు లాగే యంత్రంపైనో సాధన ఉంటాయి. ఇంత శ్రమకు తిండి ఎక్కువే కావాలి. కానీ బరువు పెరగరాదు. ఇక్కడే చిక్కు. నెలల తరబడి మితాహారంతో కొద్దికొద్దిగా తగ్గడమే సురక్షితం. చివరి రోజున నీళ్లు మాని, చెమట పట్టించి తగ్గితే పోయేది కొవ్వు కాదు, ఒంట్లోని నీరు. దాంతో కండరాలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి.

ఖాళీ కడుపుతో పతకం

2018 జకార్తా ఆసియా క్రీడల్లో దుష్యంత్ చౌహాన్ ఈ విభాగంలో కాంస్యం గెలిచిన వెంటనే కుప్పకూలారు. ఆయనను స్ట్రెచర్‌పై తరలించవలసి వచ్చింది. జలుబుతో బాధపడుతూ, రెండు రొట్టె ముక్కలు, ఒక యాపిల్ మాత్రమే తిని బరిలో దిగినట్లు ఆ తరువాత ఆయనే తెలిపారు.

టోక్యో ఒలింపిక్స్‌లో (2021) అర్జున్ లాల్ జాట్, అరవింద్ సింగ్ జోడీ 11వ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ రోయింగ్‌లో అప్పటివరకు మనదేశానికి అదే అత్యుత్తమ ఫలితం. నాటి ముఖ్య శిక్షకుడు, ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఇస్మాయిల్ బేగ్ మన హైదరాబాద్ వాసి. అదే జోడీ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం సాధించింది.

మూసుకున్న ద్వారం

2024 పారిస్ క్రీడలతో ఒలింపిక్స్‌లో తేలిక బరువు విభాగానికి తెరపడింది. 2028 లాస్ ఏంజెలిస్‌లో దాని స్థానంలో సముద్రతీర రోయింగ్ రానుంది. సన్నని ఒడ్డూపొడుగు గల ఆసియా యువకులకు ఇది నష్టమే. ఇకపై వారు తమకన్నా 20 కిలోలు ఎక్కువ తూగే వారితో తలపడాలి. అయితే ఆకలితో బరువు తగ్గించుకునే అగత్యం తప్పుతుందన్న వాదనా లేకపోలేదు.

కుస్తీ, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్‌లలో కాటా ఇప్పటికీ ఉంది. ఆ క్రీడల్లో పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసింది ఒక్కటే. ఎదిగే వయసులో పతకం కోసం పస్తులుంచరాదు.