పాత ద్వారమును మూయుట యెట్లు?

కంప్యూటరనగానే మనకు తెరయు, మీటల పలకయు జ్ఞప్తికి వచ్చును. కాని ప్రయోగశాలలలో వాడు చిన్న కంప్యూటరు పలకల అంచున లోహపు పిన్నులు వరుసగా నిలిచియుండును. ఒక పిన్నుకు విద్యుత్తు నిచ్చినచో దీపము వెలుగును. మరియొక దాని స్థితిని చదివినచో తలుపు తెరచియున్నదో లేదో తెలియును.

లినక్స్ వ్యవస్థలో వీనిని నడుపుటకు 2008లో, 2.6.27 కూర్పుతో, ఒక సులభమార్గ మేర్పడినది. ప్రతి పిన్నుకు ఒక సంఖ్య. ఆ సంఖ్యను ఒక ఫైలులో వ్రాసినచో పిన్ను మన స్వాధీనమగును. దాని దిశను నిర్ణయించి, వేరొక ఫైలులో 1 అని వ్రాసినచో దీపము వెలుగును. ఇంత తేలిక గనుకనే విద్యార్థులు మొదలు కర్మాగారముల వరకు అందరును దీనిని వాడిరి.

చిక్కు ఆ సంఖ్యలలోనే యున్నది. అవి యంత్రమునకు శాశ్వతములు కావు. చిప్పులు మేల్కొను క్రమము మారినచో సంఖ్యలును మారవచ్చును. 2024లో రాస్ప్‌బెర్రీ పై వారి వ్యవస్థ 6.6 కూర్పునకు మారినపుడు, పెక్కు పలకలలో 17వ పిన్ను 529వ దయ్యెను. 17 అని వ్రాసియుంచిన ప్రోగ్రాములు ఆగిపోయినవి.

దీనికి బదులుగా 2016లోనే 4.8 కూర్పుతో కొత్త మార్గము వచ్చినది. ఇందులో చిప్పుకు ఒక ఫైలుండును. దానిని తెరచి, ఆ చిప్పులో ఎన్నవ పిన్ను కావలెనో యడుగవలెను. ప్రోగ్రాము ముగియగానే పిన్ను విడుదలయగును. పాత మార్గములో ప్రోగ్రాము మరణించినను పిన్ను దాని పేరనే చిక్కుకొని యుండెడిది.

అట్లయిన పాతదానిని తొలగింపరాదా? 2020 తరువాత తొలగింతుమని లినక్స్ పత్రములలో వ్రాసిరి. ఆ సంవత్సరము గడచినను అది నిలిచియే యున్నది. నడచుచున్న ప్రోగ్రాములను భగ్నము చేయరాదన్నది లైనస్ టోర్వాల్డ్స్ విధించిన కఠిన నియమము. మాకిది సమంజసముగనే తోచుచున్నది. పదేండ్ల క్రిందట వ్రాసిన ప్రోగ్రామును దిద్దుటకు వ్రాసినవాడు నేడు దొరకునా?

ఇందొక వింత గలదు. లోపమని మనమనుకొన్నదే పలువురికి ఆధారమైనది. దీపము వెలిగించి తాను ముగిసిపోవు చిన్న ప్రోగ్రామునకు, తరువాతను పిన్ను అట్లే నిలుచుట యవసరము. కొత్త మార్గములో ఆ హామీ లేదు. అందుచే 2024లో ఒక మధ్యవర్తి ప్రోగ్రామును రచించిరి. అది పాత ఫైళ్లవలెనే కనిపించు ఫైళ్లను చూపుచు, లోపల కొత్త మార్గముననే పనిచేయును. పిన్నును తానే పట్టుకొని యుండును. పాత ప్రోగ్రాము ఎప్పటివలె 1 అని వ్రాయును, దీపము వెలుగుచునే యుండును.