కొండెమునకు, మౌనమునకు మధ్య: పిల్లలను నిర్బంధించే తల్లిదండ్రుల గురించిన ఊహాగానాలు, సంఘ కాపరి బాధ్యత

ఉపోద్ఘాతము

కన్నపిల్లలను గదిలో పెట్టి తాళము వేసిన తల్లిదండ్రుల వార్త ఏదైనా బయటపడితే, అది మచిలీపట్నం రైతు బజారుకు, గుడివాడ బస్టాండుకు, దివిసీమ చెరువు గట్లకు చేరడానికి ఒక్క పూట చాలు. టీవీలో చర్చ ముగియకముందే ఊరిలో తీర్పు వచ్చేస్తుంది. ఆస్తి తగాదా అని ఒకరు, చేతబడి అని మరొకరు, ఆ పిల్ల ఎవరినో ప్రేమించి ఉంటుందని ఇంకొకరు కారణము చెబుతారు. ఆ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, “అయ్యగారూ, వాళ్లు మనుషులేనంటారా?” అన్న ప్రశ్న కాపరి దగ్గరకు వస్తుంది.

ఈ ప్రశ్నకు కాపరి ఏమి జవాబు చెప్పవలెను? ఈ వ్యాసములో మేము ప్రతిపాదించేది ఒక్కటే. పిల్లలపై హింస విషయములో ఊహాగానము, మౌనము ఒకదానికొకటి విరుద్ధమైనవి కావు; అవి తోబుట్టువులు. దూరపు ఇంటిని గురించి ఎంతైనా మాట్లాడే ఊరు, పక్క ఇంటిని గురించి చెప్పవలసిన చోట నోరు విప్పదు. లేఖనము ఈ రెంటినీ ఒకే వచనములో నిషేధించినది. ముందుగా కొన్ని వాస్తవ సంఘటనలను, తరువాత లేఖనమును, చివరకు కాపరి చేయదగిన పనిని పరిశీలించుదము.

1. ఊహాగానము ఎవరిని కాపాడుతుంది?

ఆస్ట్రియా దేశములోని ఆమ్‌స్టెటెన్ పట్టణములో ఒక తండ్రి తన కుమార్తెను 1984 నుండి 24 సంవత్సరాలపాటు ఇంటి నేలమాళిగలో బంధించి ఉంచాడు. ఆమెకు అక్కడే ఏడుగురు పిల్లలు పుట్టారు. 2008 ఏప్రిల్‌లో ఈ సంగతి వెలుగులోకి వచ్చినది. 2009 మార్చిలో అతనికి యావజ్జీవ శిక్ష పడినది. ఇన్నేళ్లు ఎవరికీ అనుమానము ఎందుకు రాలేదు? ఆమె ఏదో మతశాఖలో చేరి ఇల్లు విడిచి వెళ్లిపోయినదని తండ్రి చెప్పాడు. ఆమె చేత బలవంతముగా ఉత్తరాలు కూడ వ్రాయించాడు. ముగ్గురు పసిపిల్లలను పైకి తెచ్చి, ఆమే గుమ్మము దగ్గర వదిలి వెళ్లినదని నమ్మించాడు. అధికారులు కూడ ఆ మాట నమ్మారు. ఆడపిల్ల ఇల్లు విడిచి పోయినదంటే లోకము సులభముగా నమ్ముతుందని అతడు ఎరుగును. ఊరి ఊహాగానమే నేరస్థునికి తలుపు గడియగా పనిచేసినది.

రెండవ సంఘటన మన విశ్వాస లోకానికి మరింత సమీపమైనది. 2018 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము పెర్రిస్ పట్టణములో 17 ఏళ్ల బాలిక ఒకతె కిటికీలోనుండి తప్పించుకొని పోలీసులకు ఫోను చేసినది. ఆ ఇంటిలో 2 నుండి 29 ఏళ్ల వయసుగల 13 మంది తోబుట్టువులు ఉన్నారు. కొందరిని మంచాలకు గొలుసులతో కట్టారు. అందరికంటె చిన్న బిడ్డ తప్ప మిగిలినవారు తిండి లేక కృశించి ఉన్నారు. ఆ ఇల్లు కాగితాల మీద ఒక ప్రైవేటు పాఠశాలగా నమోదై ఉన్నది. తల్లిదండ్రులు క్రైస్తవ కుటుంబాలనుండి వచ్చినవారు. 2019లో వారు నేరము ఒప్పుకొనగా, 25 సంవత్సరాలనుండి యావజ్జీవము వరకు శిక్ష విధించబడినది.

ఆ రోజుల్లో ప్రపంచమంతా ఆ తల్లిదండ్రుల మనస్తత్వమును విశ్లేషించినది. కాని విడుదలైన పిల్లలలో కొందరు, వారిని పెంచడానికి అప్పగించిన ఇంటిలోనే మరల హింసకు గురయ్యారు. వారిని ఆదుకోవలసిన వ్యవస్థ అనేక విధాల విఫలమైనదని 2022లో వెలువడిన స్వతంత్ర విచారణ నివేదిక తెలిపినది. తల్లిదండ్రులు ఎలాంటివారన్న చర్చ జరుగుతుండగా, పిల్లలు ఇప్పుడు ఎలా ఉన్నారన్న ప్రశ్న వెనుకబడినది.

2. మనకు దగ్గరలో

ఇవి పరదేశపు కథలని త్రోసివేయడానికి వీలులేదు. 2021 జూలైలో మన పొరుగు డెల్టాలో, రాజోలు మండలములోని ఒక గ్రామములో, ఒక కుటుంబము కరోనా భయముతో సుమారు 15 నెలలు ఇల్లు విడిచి రాలేదని తెలిసినది. పొరుగున ఒకరు కరోనాతో మరణించడముతో ఆ భయము మొదలైనది. వాలంటీర్లు, ఆశా కార్యకర్తలు వచ్చి పిలిచినా లోపలినుండి పలుకు లేకపోవడముతో వెనుదిరిగేవారు. చివరకు పోలీసులు వెళ్లి, నీరసించిపోయిన స్త్రీలను ఆసుపత్రికి చేర్చారు. 2022 డిసెంబరులో కాకినాడ జిల్లా కాజులూరు మండలములో ఒక తల్లి, కూతురు అదే భయముతో 2020 నుండి ఒకే గదిలో ఉండిపోయిన సంగతి బయటపడినది. ఈ రెండు చోట్ల వెతికితే దొరికేది క్రూరత్వము కాదు, వ్యాధిగా మారిన భయము. అయినా ఆ ఇళ్లలోనివారికి కలిగిన హాని మాత్రము నిజమే. తల్లిదండ్రులు దుర్మార్గులు కానంత మాత్రాన ఆలస్యము చేయవచ్చునని అనుకొనరాదు.

కాబట్టి మూసిన తలుపు వెనుక కనీసము మూడు వేరువేరు పరిస్థితులు ఉండవచ్చునని కాపరి గ్రహించవలెను. ఒకటి, అధికారము కొరకు చేసే హింస. రెండు, తల్లిదండ్రుల మానసిక వ్యాధి. మూడు, నిస్సహాయత, సిగ్గు. ఈ మూడవది మన పల్లెలలో ఎక్కువగా దాగి ఉంటుంది. ఎదుగుదల లేని బిడ్డను కనిపెట్టుకొని ఉండేవారు లేక, నాట్లకు వెళ్లే తల్లి మంచపు కోడుకు కట్టి వెళుతుంది. అక్కకు సంబంధము తప్పిపోతుందని చెల్లెలి మూర్ఛవ్యాధిని వెనుక గదిలో దాస్తారు. రొయ్యల చెరువుల కాపలాకు వచ్చిన కుటుంబాలు ఊరికి దూరముగా గట్టు మీద పాకలలో ఉంటాయి; ఆ పాకలో ఎందరు పిల్లలున్నారో ఊరిలో ఎవరికీ తెలియదు. మొదటి పరిస్థితికి పోలీసు, రెండవదానికి వైద్యుడు, మూడవదానికి అంగన్‌వాడీ కార్యకర్త, మండలములోని భవిత కేంద్రము ముందుగా కావలెను. వదంతి ఈ మూడింటినీ కలిపి ఒకే పేరు పెడుతుంది: “రాక్షసులు”.

రాక్షసులను వెతికేవారికి సామాన్యులు కనబడరు. కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనములో ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలనుండి 12,447 మంది బాలబాలికలు పాల్గొన్నారు. వారిలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసను అనుభవించినవారే. కుటుంబములో ఆ హింసకు గురైనవారిలో 88.6 శాతము మందిని కొట్టినది తల్లిదండ్రులే. ఆ తల్లిదండ్రులు పత్రికలకు ఎక్కినవారు కారు. మన ఆరాధనలలో మన ప్రక్కన కూర్చొనేవారు.

3. లేఖన పరిశీలన

లేవీయకాండము 19:16లో రెండు ఆజ్ఞలున్నాయి. మొదటిది కొండెములాడుచు తిరుగుటను నిషేధిస్తుంది. అక్కడి హెబ్రీ పదము ‘రాకీల్’. ఊరూరా తిరిగి సరుకు అమ్ముకొనే వర్తకుని సూచించే మాటతో దీనికి సంబంధమున్నదని అనేక పండితులు తలుస్తారు. అనగా కొండెగాడు మాటను సరుకుగా మోసి అమ్మేవాడు. రెండవ ఆజ్ఞను హెబ్రీలో ఉన్నది ఉన్నట్లు చెప్పాలంటే, పొరుగువాని రక్తము దగ్గర నిలబడి ఉండవద్దు అని అర్థము. మన తెలుగు అనువాదము దీనిని ప్రాణహాని తలపెట్టకూడదన్న అర్థములో తీసుకొన్నది. యూదా బోధకులు మాత్రము తల్ముదులోని సన్హెడ్రిన్ భాగములో (73ఏ) ఇంకొక అడుగు ముందుకు వేశారు. నీటిలో మునిగిపోయేవానిని చూచి కూడ రక్షింపక నిలిచియుండుట ఈ ఆజ్ఞను మీరుటయేనని వారు బోధించారు. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలాదిమందిని పోగొట్టుకొన్న దివిసీమవారికి ఈ ఉదాహరణను విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ రెండు ఆజ్ఞలు ఒకే వచనములో ఉండుట గమనింపదగినది. పొరుగువాని గూర్చి తిరిగి మాట్లాడవద్దు. పొరుగువాడు ఆపదలో ఉంటే ఊరక నిలువవద్దు. ఇవి రెండూ ఎలా పొసగుతాయి? లేవీ. 5:1 దారి చూపుతుంది. చూచినవాడు, తెలిసినవాడు సాక్ష్యము అడిగినప్పుడు చెప్పకపోతే దోషము భరించవలెను. మాట ఒకటే కావచ్చును. వీధిలో పదిమందికి చెబితే అది కొండెము. వినవలసినవానికి చెబితే సాక్ష్యము. బందరు రేవులో తుపాను ప్రమాద సూచిక ఎగిరినప్పుడు జాలరి పడవను ఒడ్డుకు చేరుస్తాడు. అది కబురే గాని వదంతి కాదు. తెలిసినవారు, తెలియవలసినవారికి, వేళకు చెప్పిన మాట అది.

యోహాను 9వ అధ్యాయము మన అంశమునకు మరింత సూటిగా తగులుతుంది. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగినది, వీడు పాపము చేసెనా, వీని తల్లిదండ్రులు చేసిరా అని. ఇది తల్లిదండ్రులను గూర్చిన ఊహాగానమే. ప్రభువు ఆ ప్రశ్నను అంగీకరించక ఆ మనుష్యుని తట్టు తిరిగి పని మొదలుపెట్టాడు. తరువాత పరిసయ్యులు తల్లిదండ్రులను పిలిపించి నిలదీశారు (9:18-23). ఫలితము ఏమైనది? ఆ తల్లిదండ్రులు భయపడి మాట తప్పించారు. బహిరంగముగా నిలదీయుట సత్యమును బయటికి రప్పించదు, లోపలికి నెడుతుంది.

ఆదికాండము 18:20-21లో సొదొమ గూర్చిన మొర దేవుని యొద్దకు చేరినది. సర్వము ఎరిగిన దేవుడు కూడ, ఆ మొర నిజమో కాదో దిగి వెళ్లి చూస్తానని చెప్పినట్లు వ్రాయబడినది. మొరను త్రోసివేయలేదు, విచారించక తీర్పు తీర్చలేదు.

తల్లిదండ్రుల అధికారమునకు హద్దు లేదని వాదించేవారు ద్వితీయోపదేశకాండము 21:18-21 చూపుతారు. మొండి కుమారుని గూర్చిన ఆ కఠిన నియమములో కూడ తల్లిదండ్రులకు ఒంటరిగా శిక్షించే అధికారము లేదు. ఇద్దరూ కలిసి ఊరి గవిని యొద్దకు, పెద్దల ఎదుటకు తీసుకొని రావలెను. పురాతన లోకములో అనేక చోట్ల కుటుంబ పెద్దకు ప్రాణము తీసే అధికారము ఉన్నదని తలచి చూస్తే, ఈ నియమము ఆ అధికారమును ఇంటిలోనుండి బయటి వెలుగులోకి తెచ్చినదని తెలుస్తుంది. మూసిన గదిలో జరిగే శిక్షకు ఈ వచనములో చోటు లేదు.

4. కాపరి చేయదగినది

మొదటిది, గృహ దర్శనము. సండేస్కూలు పట్టీలో పేరుండి ఎప్పుడూ కనబడని బిడ్డ ఎవరు? బడి మానిన ఆడపిల్ల ఎక్కడ ఉన్నది? ఏ ఇంట ప్రార్థన ఎప్పుడూ వరండాలోనే ముగుస్తున్నది? ఈ ప్రశ్నలు కాపరి తనను తాను అడుగుకొనవలెను.

రెండవది, సమాచారము. లైంగిక నేరాలనుండి బాలల రక్షణ చట్టము 2012 (పోక్సో) 19వ సెక్షను ప్రకారము, అట్టి నేరము జరిగినదని తెలిసిన ప్రతివాడు పోలీసులకు తెలియజేయవలెను. చెప్పకపోతే 21వ సెక్షను క్రింద శిక్ష ఉన్నది. ఇందులో కాపరులకు మినహాయింపు లేదు. సద్భావముతో చెప్పినవానికి చట్టము రక్షణ ఇచ్చినది. ఇతర హింస విషయములో 1098 నంబరుకు ఫోను చేయవచ్చును. జిల్లా బాలల సంక్షేమ సమితికి తెలియజేయవచ్చును. 2022 పునర్విభజన తరువాత కూడ మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ మూడును కృష్ణా జిల్లాలోనే ఉన్నవి. తన సంక్షేమములో ఉన్న బిడ్డను హింసించినవారికి, నిర్లక్ష్యము చేసినవారికి బాలల న్యాయ చట్టము 2015, 75వ సెక్షను క్రింద శిక్ష కలదు.

మూడవది, కాపరి చేయకూడనివి. బిడ్డను ప్రశ్నలతో విచారించరాదు. ఆ పని శిక్షణ గలవారిది. సంఘ పెద్దల పంచాయితీలో రాజీ చేయరాదు. ప్రార్థన మనవిగా చెప్పినా సరే, పేరు గాని ఊరు గాని సంఘములో చెప్పరాదు. బాలల న్యాయ చట్టము 74వ సెక్షను బిడ్డను గుర్తుపట్టే వివరాలను పత్రికలలో, ఇతర సమాచార మాధ్యమాలలో వెల్లడించుటను నిషేధించినది. వాట్సాప్ గుంపులో పంపిన ఫోటో ఆ బిడ్డను పెళ్లినాటి వరకు వెంటాడుతుంది.

నాలుగవది మన ఇంటిలోని విషయము. దెయ్యము పట్టినదని చెప్పి, స్వస్థత కొరకు పిల్లలను ప్రార్థనా స్థలములో కట్టివేయుట ఎక్కడ జరిగినా అది తప్పే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, గొలుసులతో కట్టబడి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటలలో చనిపోయారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2017 గొలుసులతో బంధించుటను పూర్తిగా నిషేధించినది. మార్కు 5లో గెరాసేనుల దేశపు మనుష్యుని సంకెళ్లతో కట్టినది ఊరివారు. ప్రభువు అతనికి సంకెళ్లు వేయలేదు.

ముగింపు

“వాళ్లు మనుషులేనా?” అని అడిగిన విశ్వాసికి కాపరి జవాబు ఈ విధముగా ఉండవచ్చును: వాళ్లు మనవంటి మనుషులే. వారి సంగతి విచారించడానికి న్యాయస్థానము ఉన్నది. మీ వీధిలో మీరు ఈ నెలలో చూడని బిడ్డ ఎవరైనా ఉన్నారా? ఈ ప్రశ్నను కాపరులు తమ స్త్రీల సమాజములో, యౌవనుల కూడికలో, సండేస్కూలు ఉపాధ్యాయుల సమావేశములో ముందుంచవలెనని కోరుచున్నాము. వేదాంత విద్యార్థులు తమ క్షేత్ర పరిచర్యలో ఒక్కొక్క గ్రామమునకు దగ్గరలోని పోలీసు స్టేషను, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త ఫోను నంబర్లను వ్రాసి, 1098తో కలిపి, మందిరపు గోడమీద అంటించగలిగితే అది మంచి ఆరంభము.