పొలిమేర దాటిన పట్టణం

పట్టణం పెరుగుతుంది, పొలం పెరగదు. ఒకటి విస్తరించిన మేరకు రెండవది కుదించుకుపోక తప్పదు. ఉపాధికీ, చదువుకూ, వైద్యానికీ జనం పట్టణాలకు చేరుతున్న కాలంలో ఇది అనివార్యమే. అయితే ఎవరి పొలం, ఎంత మేర, ఎవరి నిర్ణయంతో అన్న ప్రశ్నలు తలెత్తినప్పుడు పొలిమేర ఒక వివాదభూమి అవుతుంది. 2023 జనవరిలో జగిత్యాల పరిసర గ్రామాలలో జరిగింది ఇదే.

జగిత్యాల సాధారణమైన నేల కాదు. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగరం ప్రాజెక్టు నుండి కాకతీయ కాలువ ద్వారా వచ్చిన గోదావరి జలాలు ఈ ప్రాంతపు మెట్టను మాగాణిగా మార్చాయి. వరి, మక్క, పసుపు, మామిడి ఇక్కడి సిరులు. పట్టణానికి చేరువలోనే ఉన్న పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన 'జగిత్యాల సన్నాలు' వరి వంగడం ఈ ఊరి పేరును దూరప్రాంతాల పొలాలకు సైతం చేర్చింది. ఇటువంటి నేలను ఆనుకొని ఉన్న పట్టణం 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. కార్యాలయాలు వచ్చాయి, వాటి వెంట రోడ్లు, ఇండ్ల స్థలాలకు గిరాకీ వచ్చాయి.

పట్టణం ఎటు, ఎలా పెరగాలో ముందుగా నిర్ణయించే పత్రాన్ని బృహత్ ప్రణాళిక లేదా మాస్టర్ ప్లాన్ అంటారు. ఇందులో భూమిని నివాస, వాణిజ్య, పారిశ్రామిక, వ్యవసాయ, వినోద మండలాలుగా విభజించి పటంలో వేర్వేరు రంగులతో చూపుతారు. మొదట ముసాయిదాను ప్రకటించి, ప్రజల అభ్యంతరాలు విని, ఆ తరువాత ఖరారు చేయాలి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంఘాల బాధ్యతల జాబితా ఉంది. అందులో మొదటిది పట్టణ ప్రణాళికయే.

పటంలోని రంగు కాగితానికే పరిమితం కాదు. వినోద మండలంలో చేరిన పొలంలో యజమాని స్వేచ్ఛగా ఇల్లు కట్టుకోలేడు, కొనేవారు వెనుకాడుతారు, కూతురి పెండ్లికో, కొడుకు చదువుకో అమ్ముదామంటే ధర రాదు. భూమి చేతిలోనే ఉంటుంది, దానిపై అధికారం మాత్రం జారిపోతుంది. అందుకే జగిత్యాల ముసాయిదాలో తమ సాగుభూములు వ్యవసాయేతర మండలాలలో చేరాయని తెలియగానే మోతె, తిమ్మాపూర్, నర్సింగాపూర్ మొదలైన గ్రామాల రైతులు ఆందోళనకు దిగారు, రహదారులపై బైఠాయించారు. అదే నెలలో కామారెడ్డిలోనూ ఇటువంటి ప్రణాళికపై ఉద్యమం సాగింది. అక్కడ ఒక రైతు ఆత్మహత్య చేసుకోవడం అందరినీ కలచివేసింది. చివరకు జనవరి 20న రెండు పురపాలక సంఘాలూ ముసాయిదాల రద్దుకు తీర్మానించాయి.

రైతులు గెలిచారు. కాని సమస్య తీరిందా? ప్రణాళిక లేనంత మాత్రాన పట్టణం ఆగదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాల చుట్టూ పొలాలు ఒక్కొక్కటిగా ప్లాట్లవుతూనే ఉంటాయి. హద్దురాళ్లు ముందు లేస్తాయి. మురుగుకాలువ, బడి, చెట్టు తరువాతి మాట. ఈ మార్పులో పట్టాదారుకు కనీసం ధర దక్కుతుంది. కౌలు రైతుకూ, నాట్లు వేసే కూలికీ దక్కేది ఏమీ లేదు.

ఇండ్ల అవసరాన్నీ కాదనలేము. మరమగ్గాల పట్టణమైన సిరిసిల్లలో అద్దె ఇండ్లలో బ్రతుకు వెళ్లదీసే పేదలకు సొంతగూడు చిరకాల స్వప్నం. అక్కడికి సమీపంలోని మండేపల్లిలో 2021 జులైలో 1,320 రెండు పడకగదుల ఇండ్ల కాలనీ ప్రారంభమైంది. పొలాన్ని కాపాడాలన్న కోరిక ఎంత న్యాయమైనదో, గూడు కావాలన్న కోరికా అంతే న్యాయమైనది.

ఇతరులు వెదికిన మార్గాలు మనకు పాఠాలు. ఇంగ్లండు 1947 చట్టంతో నిర్మాణాలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసి, నగరాల చుట్టూ హరితవలయాలను నిలిపింది. పొలాలు మిగిలాయి, అయితే స్థలం కొరతతో ఇండ్ల ధరలు పెరిగాయన్న విమర్శ వచ్చింది. అమరావతిలో 2015 నుండి రైతులు ముప్పైవేల ఎకరాలకు పైగా భూసమీకరణకు ఇచ్చి, బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లను పొందే ఒప్పందానికి వచ్చారు. 2019 తరువాత పనులు నిలిచిపోవడంతో వారు ఏండ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. మాట ఇచ్చిన ప్రభుత్వం మారినా మాట మారకూడదన్నది ఈ అనుభవం నేర్పిన నీతి.

కావలసినది ప్రణాళిక లేకపోవడం కాదు, ప్రజలతో కలిసి వేసిన ప్రణాళిక. పటాన్ని కార్యాలయపు గోడకు అంటిస్తే చాలదు. సర్వే నంబర్లతో సహా తెలుగులో గ్రామసభ ముందు ఉంచాలి. పట్టణంలోని ఖాళీ స్థలాలను ముందు వినియోగించాలి. రెండు పంటలు పండే మాగాణిని, చెరువు శిఖాన్ని చివరి వరకు ముట్టరాదు. ఉమ్మడి అవసరానికి ఒకరి భూమిని తీసుకుంటే ఆ నష్టాన్ని అందరూ పంచుకోవాలి.

ఇల్లు కట్టుకున్న మనిషికీ పూటకు ఇంత అన్నం కావాలి. ఆ అన్నం పొలిమేర అవతలి నుండే రావాలి. ఈ సత్యాన్ని పటం గీసే చేయి మరువరాదు.